ఊరు మారిన ఇల్లు

ఆరొందల ఏళ్ల కిందట కట్టిన రైతు ఇల్లు అది. జలాశయంలో మునిగిపోవాల్సిన సమయంలో కొయ్యకు కొయ్య విప్పి, మరో ఊరికి మోసుకెళ్లి, మళ్లీ నిలబెట్టారు. ఇంగ్లాండ్‌లోని బేలీఫ్ ఫామ్‌హౌస్ కథ ఇది.

ఇల్లు మారడమంటే మనకు కొత్తేం కాదు. సామాను సర్దుకోవాలి. లారీ మాట్లాడుకోవాలి. మంచిరోజు చూసుకుని కొత్తింట్లో పాలు పొంగించుకోవాలి. ఎన్నిసార్లు మారినా మారేది మనమే. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అలాకాక ఇల్లే లారీ ఎక్కితే? స్తంభాలు, దూలాలు, వాసాలు, తలుపు చట్రాలు... అన్నీ విడివిడిగా కట్టలు కట్టించుకుని పక్క జిల్లాకు ప్రయాణమైతే? అక్కడ మళ్లీ ఎవరో వాటిని ఒక్కోటీ అతికి, పాత ఇంటిని పాత ఇల్లులాగే నిలబెడితే?

బేలీఫ్‌కు జరిగింది అదే. ఆ పేరు వినగానే మనకు బిర్యానీలో వేసే ఆకు గుర్తొస్తుంది. ఇదో ఇంటి పేరు. ఇంగ్లాండ్ ఆగ్నేయ మూలన ఉన్న కెంట్ కౌంటీలో, చిడింగ్‌స్టోన్ గ్రామం దగ్గర బౌ బీచ్ అనే లోయలో ఉండేది. ఇప్పుడు వెస్ట్ సస్సెక్స్ కౌంటీలో చిచెస్టర్ పట్టణానికి దగ్గర్లోని సింగిల్టన్‌లో ఉంది. అక్కడి 'వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ లివింగ్ మ్యూజియం'కు వెళ్లినవాళ్లు ఎక్కువసేపు నిలబడి చూసే ఇళ్లలో ఇదొకటి.

ఫామ్‌హౌస్ అనగానే మన నగరాల శివార్లలో ఈతకొలను, పచ్చికబయలు ఉండే వారాంతపు విడిదిని ఊహించుకోకండి. అక్కడ ఆ మాటకు అర్థం ఒక్కటే- పొలం చేసుకునే రైతు ఉండే ఇల్లు.

రాజుగారిది కాదు... రైతుది!

చరిత్ర పుస్తకాల్లో మనకు కనిపించే కట్టడాలు ఎవరివి? రాజులవి, జమీందార్లవి, దేవుళ్లవి. కోటలు రాతితో కడతారు కాబట్టి నిలుస్తాయి. గుళ్లను ఊరంతా కాపాడుకుంటుంది కాబట్టి నిలుస్తాయి. మరి ఆ కోటకూ గుడికీ ధాన్యం పండించి పంపిన రైతు ఎలాంటి ఇంట్లో ఉన్నాడు? ఎక్కడ వండుకున్నాడు, ఎక్కడ పడుకున్నాడు? చాలా దేశాల్లో ఈ ప్రశ్నకు జవాబు మట్టిలో కలిసిపోయింది. కెంట్, సస్సెక్స్ ప్రాంతాల్లో మాత్రం 14, 15, 16 శతాబ్దాల నాటి రైతుల ఇళ్లు వందల సంఖ్యలో మిగిలాయి. వాటికి చరిత్రకారులు పెట్టిన పేరు 'వీల్డెన్' ఇళ్లు.

వీల్డ్ అంటే పాత ఇంగ్లిషులో అడవి. నేల బంకమట్టి. ఓక్ చెట్లు విపరీతం. రాయి కన్నా కొయ్య చేతికి అందుబాటులో ఉన్న ప్రాంతమన్నమాట. అయితే కలప ఉన్నంత మాత్రాన రైతు పెద్ద ఇల్లు కట్టేయలేడు కదా. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు వెనక ఓ విషాదం ఉంది. 1348-49లో ఇంగ్లాండ్‌ను 'బ్లాక్ డెత్' అనే ప్లేగు ఊడ్చేసింది. జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా పోయారని చరిత్రకారుల అంచనా. బతికినవాళ్లకు భూమి దొరికింది. పనిచేసే చేతులు తక్కువవడంతో కూలి రేట్లు పెరిగాయి. తర్వాతి తరాల్లో కాస్త భూమీ, చేతిలో కాస్త సొమ్మూ ఉన్న రైతుల వర్గం ఒకటి తయారైంది. వాళ్లు వడ్రంగులను పిలిపించి కట్టించుకున్న ఇళ్లే ఇవి.

బేలీఫ్‌లోని పాత భాగం 1405-1430 మధ్య కట్టింది. యజమాని కుటుంబం ఉండే భాగం 1505-1510 మధ్యది. అంటే ఒకే ఇంట్లో వందేళ్ల తేడా ఉన్న రెండు ముక్కలు పక్కపక్కన ఉన్నాయి.

వయసు చెప్పిన కొయ్య

కాగితం మీద ఎక్కడా రాసిలేని ఇంటి వయసు ఇంత కచ్చితంగా ఎలా చెప్పారు? ఇంట్లోని కొయ్యనే అడిగారు!

చెట్టు ఏడాదికో వలయం చొప్పున లావెక్కుతుందని బడిలో చదువుకున్నాం. ఎదుగుదలకు అనుకూలించిన ఏడు వలయం వెడల్పుగా, లేని ఏడు సన్నగా వస్తుంది. ఒక ప్రాంతంలోని ఓక్ చెట్లన్నీ చూసిన వాతావరణం ఒకటే కాబట్టి, వాటి వలయాల వరుస కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. శాస్త్రవేత్తలు నేటి చెట్లతో మొదలుపెట్టి, పాత దూలాలతో కలుపుకుంటూ వందల ఏళ్ల వెనక్కి ఆ వరుసను తయారుచేసి పెట్టుకున్నారు. పాత ఇంటి దూలం నుంచి పెన్సిలంత సన్నటి ముక్కను తొలిచి తీసి, దాని వలయాలు ఆ వరుసలో ఎక్కడ అతుకుతాయో చూస్తారు. బెరడు దాకా కొయ్య మిగిలి ఉంటే చెట్టు నరికిన సంవత్సరమే చెప్పొచ్చు. బెరడు పోయి ఉంటే ఎన్ని వలయాలు పోయి ఉంటాయో లెక్కగట్టి, ఫలానా సంవత్సరాల మధ్య అని చెబుతారు. '1405-1430' అనే లెక్క అలాంటిదే. పైగా అప్పటి వడ్రంగులు ఓక్‌ను ఏళ్లతరబడి ఎండబెట్టేవారు కాదు, పచ్చిగానే వాడేవారు. కాబట్టి చెట్టు నరికిన ఏడాదికీ ఇల్లు లేచిన ఏడాదికీ పెద్ద తేడా ఉండదు.

గడప దాటి లోపలికి...

ముందు బయటి నుంచి చూద్దాం. ఎత్తయిన పెంకుల కప్పు. దానికింద రెండు చివర్లలోనూ రెండేసి అంతస్తులు. పై అంతస్తు కింది గోడ కన్నా కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. నడిమి భాగానికి మాత్రం ఆ పొడుచుకు రావడం లేదు. దాంతో అది లోపలికి నొక్కినట్టు కనిపిస్తుంది. కప్పు అంచు మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే గీతలా సాగుతుంది. నడుమ ఖాళీగా వేలాడే ఆ అంచును వంపు తిరిగిన కొయ్యలు చేతులు చాచినట్టు పట్టుకుని ఉంటాయి. ఎక్కడ చూసినా వీల్డెన్ ఇంటిని గుర్తుపట్టించేది ఈ ముఖమే.

గోడలు ఎలా కట్టారంటే... ఈ పద్ధతిని మన పల్లెవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొయ్య చట్రం మధ్య ఖాళీల్లో కర్రలు నిలబెట్టి, సన్నటి బద్దలతో తడికలా అల్లి, బంకమట్టిలో గడ్డి, పశువుల పేడ కలిపి రెండువైపులా మెత్తారు. పైన సున్నం. అచ్చంగా మన తడిక గోడే! తేడా ఏంటంటే ఇక్కడ గోడ బరువు మోయదు. భారమంతా ఓక్ చట్రానిదే. గోడ గాలిని ఆపితే చాలు.

మన పల్లెల్లో పాత ఇళ్లను 'ఎన్ని అంకణాలు' అని అడిగేవాళ్లు. రెండు దూలాల మధ్య జాగా ఒక అంకణం. ఇంగ్లాండ్ వడ్రంగి లెక్కా ఇదే. ఈ తరహా ఇంటికి సాధారణంగా నాలుగు అంకణాలు. నడిమి రెండూ కలిపి హాలు. ఒక చివర అంకణం సరకులకు, మరో చివరది యజమాని కుటుంబానికి.

తలుపు తీసి లోపలికి వస్తే ఎదురుగా ఇంకో తలుపు కనిపిస్తుంది. ఈ ద్వారం నుంచి ఆ ద్వారానికి ఇల్లు దాటే నడవా అన్నమాట. ఒక పక్కన రెండు చిన్న గదులు. వాటి పేర్లు బట్టరీ, పాంట్రీ. బట్టరీకీ వెన్నకీ సంబంధం లేదు. అది పానీయాల పీపాలు పెట్టుకునే గది. బట్లర్ అన్న మాట కూడా ఈ సీసాల, పీపాల కుటుంబంలోదే. పాంట్రీ అంటే రొట్టెలు దాచే గది. ఫ్రెంచి భాషలో రొట్టెను 'పాఁ' అంటారు. మన రైళ్లలో 'పాంట్రీ కారు' నుంచి వచ్చే ఇడ్లీ వడకూ, ఆరొందల ఏళ్ల కిందటి ఈ రొట్టెల గదికీ చుట్టరికం ఉందన్నమాట!

పొయ్యి నడింట్లో... పొగ నెత్తిమీద

నడవా నుంచి రెండోపక్కకు తిరిగితే హాలు. తలెత్తితే పైన అంతస్తు లేదు. చూపు నేరుగా పెంకుల దాకా వెళ్లిపోతుంది. నేల మధ్యలో మంట. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, కప్పుకింద సుళ్లు తిరిగి, పెంకుల సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. వంట, వెచ్చదనం, వెలుగు... మూడూ ఆ ఒక్క మంట నుంచే. హాలు అంత ఎత్తుగా ఉండటం వైభోగం కోసం కాదు. పొగ మనుషుల తలలకు పైన ఉండాలంటే అంత ఎత్తు కావాలి మరి.

కిటికీలకు అద్దాల్లేవు. నిలువు కొయ్య కమ్మీలు, చలేస్తే వేసుకోవడానికి లోపలివైపు చెక్క తలుపులు. అద్దం ఆ రోజుల్లో చాలా ఖరీదు. 16వ శతాబ్దంలో కొందరు అద్దాల చట్రాలను ఇంట్లో భాగంగా కాక, మంచాలూ బల్లల్లా వెంట తీసుకెళ్లే సామానుగా లెక్కగట్టేవారు. 'విండో' అన్న ఇంగ్లిషు మాట పుట్టుక కూడా అదే చెబుతుంది. అది పాత నార్స్ భాషలో 'గాలి కన్ను' అనే మాట నుంచి వచ్చింది. వెలుతురు కావాలంటే గాలినీ రానివ్వాల్సిందే!

ఇంట్లో అందరూ కూర్చునేది ఈ ఒక్క హాల్లోనే. అయినా అందరూ సమానం కాదు. నడవా వైపుది 'కింది' కొస. అటు పనివాళ్లు, వచ్చేపోయేవాళ్లు. రెండోది 'పై' కొస. గోడ పొడవునా బల్ల, దాని వెనక యజమాని కూర్చునే పీట. పెద్ద కిటికీ కూడా ఆ వైపే. ఎండ ఎవరి మీద పడాలో కూడా వడ్రంగి కొలతలోనే తేలిపోయిందన్నమాట.

పై కొస వెనక యజమాని సొంత గది. దానిపైన పడకగది. ఆ పడకగదికి ఓ సౌకర్యం ఉంది. గోడ బయటికి పొడుచుకొచ్చిన చిన్న అర లాంటి మరుగుదొడ్డి. కింద గొయ్యి. అంతే! నీళ్ల గొట్టాలు లేని కాలంలో మేడ మీద మరుగుదొడ్డి అంటే ఆ రైతు ఏ స్థాయివాడో ఊహించుకోవచ్చు.

ఇంకో తమాషా ఉంది. ఇంటి రెండు చివర్లలో రెండు మేడగదులున్నాయి కానీ, నడుమ హాలు కప్పు దాకా ఖాళీ. కాబట్టి ఒక మేడ నుంచి ఇంకో మేడకు నేరుగా వెళ్లలేరు. కిందికి దిగాలి, పొగ నిండిన హాలు దాటాలి, మళ్లీ ఎక్కాలి.

విప్పడానికే పుట్టిన ఇల్లు

ఇక అసలు విషయం. అంత పెద్ద ఇంటిని విప్పి, మోసుకెళ్లి, మళ్లీ కట్టడం ఎలా సాధ్యమైంది? ఇల్లు మొదట కట్టిందే అలా కాబట్టి.

ఆ కాలంలో వడ్రంగి ఇంటిని స్థలంలో నిలబెట్టి కొయ్యలు కోసేవాడు కాదు. ముందు తన పనిచేసే చోట నేలమీద గోడలకు గోడలే పరిచేవాడు. వంకర ఉంటే వంకరకు తగ్గట్టే రెండో కొయ్యను చెక్కేవాడు. ఒక కొయ్య చివరను నాలుకలా మలిచి, రెండోదాన్లో తొలిచిన బెజ్జంలోకి దూర్చేవాడు. రెంటినీ కలిపి తూటు పొడిచి ఓక్ చీల దిగ్గొట్టాలి. ఇక్కడే వాడి నేర్పంతా ఉంది. నాలుకలోని తూటును బెజ్జం తూటుకు సూటిగా కాకుండా కాస్త పక్కకు జరిపి పొడిచేవాడు. చీల దిగుతున్నకొద్దీ నాలుకను లోపలికి లాక్కుంటూ పోతుంది. పచ్చి కొయ్య ఎండి ముడుచుకున్నకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. చట్రం కీళ్లను పట్టి ఉంచేది ఇనప మేకులు కాదు, ఈ ఓక్ చీలలే.

ఏ కొయ్య ఏ కొయ్యకు జత పడుతుందో గుర్తుండాలి కదా? అందుకు అతుకు దగ్గర రెండు కొయ్యల మీదా ఒకే అంకె గీసేవాడు. రోమన్ అంకెల్లాంటి నిలువు, ఏటవాలు గీతలు. వంపు గీతల కన్నా తిన్నటి గీతలు ఉలితో గీయడం తేలిక. తర్వాత అంతా విప్పేసి, బండ్ల మీద స్థలానికి చేర్చి, పదిమందిని పిలిచి చట్రాలను లేవనెత్తి బిగించేవాళ్లు. అంటే బేలీఫ్ పుట్టుకే ఒకచోట అమర్చి, విప్పి, మరోచోట బిగించిన పుట్టుక. 1960ల్లో చేసింది అదే పని రెండోసారి.

కొయ్యను వాడటంలోనూ వాళ్ల ఆలోచన చూడండి. ప్రధాన స్తంభాలను చాలావరకు చెట్టును తలకిందులు చేసి నిలబెట్టేవాళ్లు. వేరు వైపు మొదలు లావుగా ఉంటుంది. అది పైన ఉంటే దూలం, గోడ మీది పట్టె, రెండూ వచ్చి కూర్చోవడానికి తగినంత జాగా దొరుకుతుంది. కప్పు కింద ఇంకో విశేషం. మన పూరింట్లో నిట్టాడు నేల నుంచి లేచి కప్పు కొస దాకా వెళుతుంది. ఇక్కడ పొట్టి నిట్టాడు ఒకటి నేలమీద కాకుండా అడ్డదూలం నడుమ నిలబడుతుంది. కొస దాకా కూడా వెళ్లదు. వాసాల జంటలను కలిపే అడ్డకర్రల కింద ఇంటి పొడవునా సాగే ఒక పట్టెను మోస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్లందరికీ కనిపించేది అదే కాబట్టి ఆ నిట్టాడును చక్కగా చెక్కి, నాలుగు పక్కలా వంపు కొయ్యల ఊతం పెట్టేవాళ్లు.

ఇంత కొయ్య వాడితే అడవి ఏమైపోయినట్టు? ఇంగ్లాండ్ అడవుల చరిత్రకారుడు ఆలివర్ ర్యాకమ్ సఫోక్‌లోని ఇలాంటి ఒక ఫామ్‌హౌస్‌ను పరిశీలించి, దానికి సుమారు 330 చెట్లు పట్టాయని లెక్క తేల్చారు. అయితే వాటిలో మహావృక్షాలు కొన్నే. ఎక్కువ శాతం సన్నటి చెట్లు. ఎంత కొలత కొయ్య కావాలో అంత చెట్టునే కొట్టేవాళ్లు. పెద్దచెట్టును కోసి ముక్కలు చేసే శ్రమా ఉండదు, అడవి కూడా మళ్లీ త్వరగా ఎదుగుతుంది.

నీళ్లు రాబోతున్నాయి...

బేలీఫ్ అలా తరాలు గడిపింది. 1960ల్లో బౌ బీచ్ లోయలో జలాశయం కట్టాలని ఈస్ట్ సర్రే వాటర్ కంపెనీ నిర్ణయించింది. పెరుగుతున్న పట్టణాలకు తాగునీరు కావాలి. ఆ లోయలోని పాత ఇళ్లు అడ్డు.

ఈ మాట చదువుతుంటే మనకు నాగార్జునకొండ గుర్తు రాకమానదు. సాగర్ నీళ్లు రాకముందు లోయలో తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికీ, అనుపుకూ చేర్చి నిలబెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు సమయంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. అవి విహారాలు, దేవాలయాలు. వాటిని కాపాడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అవే నీళ్లలో మునిగిన ఊళ్లలోని రైతుల ఇళ్లను విప్పి మోసుకెళ్లాలన్న ఆలోచన వచ్చిందా?

ఇంగ్లాండ్‌లోనూ అప్పటికి పెద్దగా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సస్సెక్స్‌లో క్రాలీ కొత్త పట్టణం కడుతున్నప్పుడు మధ్యయుగాల నాటి ఇళ్లు కళ్లముందే నేలమట్టమయ్యాయి. అది చూసి కలత చెందిన చరిత్రకారుడు రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఉన్నచోట నిలుపుకోలేని ఇళ్లకైనా ఒక చోటు ఉండాలని ఆయన ఆలోచన. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో 1891లోనే పల్లె ఇళ్లను తెచ్చిపెట్టిన 'స్కాన్‌సెన్' ఆరుబయలు మ్యూజియం మొదలైంది. వేల్స్‌లో 1948లో సెయింట్ ఫాగన్స్ తెరిచారు. అదే బాటలో 1967లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన మిత్రులు వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియానికి పునాది వేశారు. 1970లో జనానికి తలుపులు తెరిచారు.

1968లో వాటర్ కంపెనీ బేలీఫ్‌ను ఈ మ్యూజియానికి ఇచ్చేసింది. 1968-69లో ఇంటిని విప్పారు. 1972 నాటికి అది సింగిల్టన్‌లో మళ్లీ లేచి నిలబడింది. పాతకాలపు చీలలు తట్టి ఊడదీస్తే అతుకులు విడిపోతాయి. కొయ్యలన్నీ వచ్చేస్తాయి. తడికకు మెత్తిన మట్టిని మాత్రం ఎవరూ మోసుకెళ్లలేరు. అందుకే ఇప్పుడున్న మట్టి గోడలు కొత్తగా మెత్తినవి. పుచ్చిపోయిన కొయ్యల చోట కూడా కొత్త ఓక్ వచ్చి చేరింది.

ఏ కాలపు ఇల్లు కట్టాలి?

ఇక్కడే ఓ చిక్కుముడి ఉంది. 1968లో విప్పిన ఇల్లు, 15వ శతాబ్దంలో కట్టిన ఇల్లు ఒకటి కాదు. మధ్యలో తరాల తరబడి మనుషులు అందులో కాపురం చేశారు. పొగ భరించలేక ఎవరో ఇటుకల పొగగొట్టం కట్టించారు. పొగ పోవడానికి దారి దొరికాక హాలుకు అంత ఎత్తు ఎందుకని నడుమ అంతస్తు వేశారు. కిటికీలు మారాయి, అద్దాలు వచ్చాయి. ఇంగ్లాండ్‌లో ఇలాంటి పాత ఇళ్లన్నిటిదీ ఇదే కథ.

మరి మళ్లీ కట్టేటప్పుడు ఏ ఇల్లు కట్టాలి? చివరి రైతు ఖాళీచేసిన ఇల్లా? మొదటి రైతు గృహప్రవేశం చేసిన ఇల్లా?

మ్యూజియం వెనక్కి వెళ్లాలనే నిర్ణయించింది. పొగగొట్టం, నడుమ వేసిన అంతస్తు తీసేసి, హాలును మళ్లీ కప్పు దాకా తెరిచింది. అది ఊహతో చేసింది కాదు. కొయ్యలే సాక్ష్యం చెప్పాయి. ఖాళీగా మిగిలిన బెజ్జం కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఓ కొయ్య ఉండేదని అర్థం. దూలం అడుగున వరసగా చిన్న గుంటలుంటే అవి తడిక కర్రలు నిలబెట్టినవి, అంటే అక్కడో గోడ ఉండేది. చదరపు గుంటలు మూలలు తిప్పి ఉంటే అది కిటికీ కమ్మీల చోటు. కప్పు కర్రలకు మసి పట్టి ఉంటే ఒకప్పుడు కింద మంట ఉండేది. చేతిరాత చదివినట్టు ఇంటిని చదివారన్నమాట.

అయినా ఈ పద్ధతిని ఒప్పుకోనివాళ్లు ఇంగ్లాండ్‌లో ఎప్పటినుంచో ఉన్నారు. 1877లో విలియం మోరిస్ మిత్రులతో కలిసి పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టారు. పాత కట్టడాన్ని ఉన్నచోటే, ఉన్నట్టుగానే మరమ్మతు చేసి కాపాడాలి, ఒక కాలాన్ని చూపించడానికి మిగతా కాలాలను చెరిపేయొద్దన్నది వాళ్ల సూత్రం. ఆ లెక్కన బేలీఫ్‌లో పొగగొట్టం కట్టించిన ఇల్లాలి కథ కూడా ఆ ఇంటి చరిత్రే. పొగలేని మొదటి శీతాకాలం ఆమెకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! ఆ అధ్యాయం ఇప్పుడు ఇంట్లో కనిపించదు. అలాగని లోయలోనే వదిలేస్తే ఏ అధ్యాయమూ మిగిలేది కాదు. ఈ రెండు మాటలూ నిజమే. బేలీఫ్ ముందు నిలబడ్డవాళ్లు రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇంటిని చదవడంలో పొరపాట్లూ జరుగుతాయి. బేలీఫ్‌తో పాటే ఆ లోయ నుంచి వచ్చిన మరో చిన్న కట్టడం వింక్‌హర్స్ట్. మ్యూజియంలో ముందుగా నిలబెట్టింది దాన్నే. మొదట్లో అదో చిన్న రైతు ఇల్లని చూపించారు. తర్వాత పరిశోధిస్తే అది పెద్ద ఇంటికి విడిగా కట్టిన వంటిల్లు అయ్యుంటుందని తేలింది. దాంతో 2000ల మొదట్లో దాన్ని మళ్లీ విప్పి, వేరేచోట ట్యూడర్ కాలపు వంటింటిగా నిలబెట్టారు. తప్పు తెలిస్తే దిద్దుకునే వీలు కూడా ఆ విప్పే అతుకుల పుణ్యమే.

మంట ఇంకా మండుతోంది

ఇప్పుడా మ్యూజియంలో 50కి పైగా పాత కట్టడాలున్నాయి. 2017 నుంచి ప్రసారమైన బీబీసీ 'ద రిపేర్ షాప్' కార్యక్రమం చూసినవాళ్లకు అక్కడి పాత కొట్టం ఒకటి పరిచయమే. పాత సామాన్లు బాగుచేసే ఆ కార్యక్రమాన్ని చిత్రీకరించింది అక్కడే.

బేలీఫ్ ఒంటరిగా లేదు. రైతు ఇల్లంటే నాలుగు గోడలే కాదు కదా. పక్కనే కౌఫోల్డ్ గ్రామం నుంచి తెచ్చిన 16వ శతాబ్దపు ధాన్యం కొట్టు ఉంది. కూరగాయల మడులు, పండ్లతోట, పొలాలు ఉన్నాయి. లోపల 1540 ప్రాంతంలో ఓ రైతు ఇల్లు ఎలా ఉండేదో అలా సర్దారు. బల్లలు, పీటలు, మంచాలు అన్నీ ఆనాటి నమూనాల ప్రకారం కొత్తగా చేయించినవే. నిజమైన పాతవి పెడితే తాడు కట్టి 'ముట్టుకోవద్దు' అని బోర్డు పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు పిల్లలు పీట మీద కూర్చోవచ్చు.

హాలు మధ్యలో మంట కూడా వేస్తారు. వచ్చినవాళ్ల బట్టలకు కాసేపట్లోనే పొగవాసన పడుతుంది. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో కూర్చున్న అమ్మమ్మను చూసినవాళ్లకు ఆ వాసన కొత్త కాదు. ఏ రాజుగారి కోటా చెప్పని మాట ఒకటి అది చెబుతుంది- మామూలు మనుషులు ఇలా బతికారని.

అక్కడ కెంట్‌లో, ఇల్లుండిన లోయలో ఇప్పుడు నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఇప్పటికీ కుళాయిల్లో వస్తున్నాయి. ఇక్కడ సింగిల్టన్‌లో సాయంత్రం సందర్శకులు వెళ్లిపోయాక ఎవరో మంట ఆర్పి, కిటికీల చెక్క తలుపులు ఒక్కోటీ వేసి, గడియ పెడతారు. మళ్లీ పొద్దున్నే తెరవాలిగా!